ట్రైల్‌కి ఐదు స్టార్లు ఇచ్చే ముందు

కొత్త ఊరికి చదువుకోవడానికి వచ్చినవాడికి ముందు హాస్టల్ గది దొరుకుతుంది, తర్వాత మంచి టిఫిన్ సెంటర్ దొరుకుతుంది. చుట్టుపక్కల దారులు మాత్రం అంత తొందరగా దొరకవు. మన కాలేజీలో గేర్ సైకిల్ ఉన్నవాళ్లు తక్కువే. కానీ ప్రతి ఏడాదీ జూనియర్స్ రాగానే గ్రూపులో వచ్చే ప్రశ్న ఒక్కటే: "దగ్గర్లో మంచి ట్రైల్ ఏదైనా ఉందా?" జవాబు కూడా ఎప్పుడూ ఒక్కటే. ఎవరో ఒక జీపీఎక్స్ ఫైల్ పడేస్తారు. కింద "సూపర్ ఉంటది బ్రో, ఫైవ్ స్టార్" అని ఒక లైను, రెండు నిప్పు ఎమోజీలు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దాన్ని జవాబు అనలేం. ఒక దారి గురించి కొత్తవాడికి చెప్పాలంటే కనీసం నాలుగు సంగతులు చెప్పాలి: అది ఎవరి దారి, కింద నేల ఏ రకం, మీరు ఏ నెలలో వెళ్లారు, పడితే ఏమవుతుంది. ఇవి లేని రేటింగ్ వల్ల కొత్తవాడికి ఉపయోగం లేదు. ఆ దారిలో రోజూ నడిచేవాళ్లకైతే నష్టమే. ఎలాగో వరసగా చెప్తాను.

ముందు ఈ రేటింగులు ఎక్కడివో చూద్దాం. కెనడాలో విస్లర్ లాంటి చోట ట్రైల్స్ సైకిళ్ల కోసమే కడతారు. మలుపులు, వాలు, నీళ్లు పక్కకి పోయే కాలువలు అన్నీ కొలిచి కట్టి, ఏటా బాగుచేసి, మొదట్లో బోర్డు పెడతారు. ఆకుపచ్చ గుండ్రం అంటే తేలిక, నీలం చతురస్రం అంటే మధ్యస్థం, నల్ల డైమండ్ అంటే కష్టం. స్కీయింగ్ వాలుల దగ్గర వాడే గుర్తుల్ని సైకిళ్లకి తెచ్చుకున్నారు. అక్కడ రంగు వెనక బాధ్యత తీసుకున్న మనిషి ఒకరు ఉన్నారు. మన చుట్టూ ఉన్న దారుల్ని సైకిల్ కోసం ఎవరూ కట్టలేదు. మేకలు వేసినవి కొన్ని, ఎడ్లబండ్లు వేసినవి కొన్ని, గుట్ట మీది గుడికో దర్గాకో పోయే భక్తులు వేసినవి కొన్ని, పైపులైను తవ్వినవాళ్లు వదిలేసినవి కొన్ని. యాప్‌లో ఇలాంటి దారికి నీలం రంగు కనిపిస్తే, ఒకరోజు ఒకడి మూడ్ నీలంగా ఉందని మాత్రమే అర్థం.

మ్యాప్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు

సీఎస్ఈ వాళ్లం కాబట్టి డేటాతోనే మొదలుపెడదాం. చాలా సైక్లింగ్ యాప్‌ల అడుగున ఉండేది 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. ఇది వికీపీడియా లాంటిది, ఎవరైనా దిద్దొచ్చు. ఇందులో దారికి రకరకాల ట్యాగులు ఉంటాయి. బండి పట్టే దారిని "ట్రాక్" అంటారు. దానికి గట్టిదనాన్ని బట్టి గ్రేడ్ 1 నుంచి 5 వరకు ఇవ్వొచ్చు, 1 గట్టి రోడ్డు, 5 మెత్తటి నేల. సన్నటి బాటని "పాత్" అంటారు. మౌంటెన్ బైక్ కోసం 0 నుంచి 6 దాకా వేరే స్కేల్ కూడా ఉంది. వినడానికి బాగుంది కదా? మన కాలేజీ చుట్టూ మ్యాప్ తెరిచి చూడండి. నేను చూసినంతవరకు ఒక్క బాటకి కూడా ఈ స్కేల్ నింపలేదు. చాలా గీతలు ఉపగ్రహ చిత్రం చూసి, ఎక్కడో కూర్చుని గీసినవే. వాటిని తక్కువ చెయ్యట్లేదు, అవి కూడా లేకపోతే మనకి ఏమీ లేదు. గీత మీద నొక్కి హిస్టరీ తెరిస్తే ఎప్పుడు గీశారో, దేన్ని చూసి గీశారో చాలాసార్లు రాసి ఉంటుంది. అయిదేళ్ల కింద చిత్రం చూసి గీసిన బాట అంటే, అక్కడ ఇప్పుడు వెంచర్ గోడ ఉండొచ్చని ముందే అనుకోవాలి.

తర్వాత హీట్‌మ్యాప్. ఎక్కువమంది వెళ్లిన దారి మెరుస్తూ కనిపిస్తుంది కాబట్టి మెరిసేదే మంచి దారి అనుకుంటాం. 2018 జనవరిలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. స్ట్రావా అంతకు రెండు నెలల ముందు ప్రపంచ హీట్‌మ్యాప్ విడుదల చేసింది. నేథన్ రూసర్ అనే ఇరవై ఏళ్ల ఆస్ట్రేలియా విద్యార్థి దాన్ని చూస్తూ, సిరియా లాంటి చోట్ల ఎడారి మధ్యలో సైనిక స్థావరాల ఆకారాలు వెలుగుతున్నాయని బయటపెట్టాడు. జాగింగ్ చేసే సైనికుల చేతులకి ఫిట్‌నెస్ పరికరాలు ఉన్నాయి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి లేవు. అందుకే ఊళ్లు చీకటి, స్థావరాలు వెలుగు. దీన్ని అందరూ సెక్యూరిటీ పాఠంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం మెషిన్ లెర్నింగ్ క్లాసులో చెప్పిన శాంపిలింగ్ బయాస్‌కి ఇంతకన్నా మంచి ఉదాహరణ కనపడలేదు. రోజూ ఇరవై మేకలతో నడిచే మనిషి బాట హీట్‌మ్యాప్‌లో ఉండదు. ఒక ఆదివారం పది మంది కార్లలో సైకిళ్లు తెచ్చుకుని తొక్కిన బాట ఉంటుంది. హీట్‌మ్యాప్ చూపించేది యాప్ ఉన్నవాళ్లు ఎక్కడ తిరిగారన్నది. దారి బాగుందా, అసలు అక్కడ తిరగొచ్చా అన్నది దానికి తెలియదు.

ఎత్తుపల్లాల సంగతి ఇంకో రకం. ప్రపంచమంతటికీ ఉచితంగా దొరికే ఎత్తుల డేటాలో ముఖ్యమైనది 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక 11 రోజులు తిరిగి రాడార్‌తో కొలిచింది. దాంట్లో ఒక్కో చుక్క సుమారు 30 మీటర్ల గడి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీట్లలో కాంటూర్ గీతల మధ్య తేడా మామూలుగా 20 మీటర్లు. ఆ షీట్ మీద 1 సెంటీమీటరు అంటే నేల మీద 500 మీటర్లు. ఆ సెంటీమీటరులో అయిదు గీతలు దాటితే 100 మీటర్లు ఎక్కుతున్నట్టు, అంటే 20 శాతం వాలు. మొరం మీద 20 శాతం అంటే చాలామందిమి దిగి తోసుకుంటూ పోవాల్సిందే. ఈ లెక్క ఇంట్లో కూర్చుని చెయ్యొచ్చు, తప్పకుండా చెయ్యండి. కానీ మధ్యలో ఉన్న రెండు మీటర్ల బండ అంచు 20 మీటర్ల గీతల మధ్య ఎక్కడా కనపడదు. మనల్ని పడేసేది ఆ రెండు మీటర్లే.

టోపోషీట్ గురించి ఇంకో మాట. అందులో బండిబాటకీ కాలిబాటకీ వేరువేరు గుర్తులు ఉంటాయి, రిజర్వ్ ఫారెస్ట్ హద్దు ఉంటుంది, చెరువులు, వాగులు ఉంటాయి. పాతదే, కానీ నేల మీద నడిచి సరిచూసిన మ్యాప్. దాన్నీ గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మే నెల చిత్రంలో బాట తెల్లటి దారంలా కనిపిస్తుంది, అక్టోబర్ చిత్రంలో గడ్డి మూసేస్తుంది. గుట్టని క్వారీ తినేస్తుంటే అది కూడా ఏడాది ఏడాదికీ తెలుస్తుంది. ఇంకా తాజాది కావాలంటే యూరప్ వాళ్ల సెంటినెల్ 2 ఉపగ్రహ చిత్రాలు ఉచితం, కొన్ని రోజులకోసారి కొత్తవి వస్తాయి. 10 మీటర్ల పిక్సెల్‌లో కాలిబాట కనపడదు గానీ, క్వారీ ఎంత పెరిగిందో, చెరువు ఎంత నిండిందో కనపడుతుంది.

నేల మాట్లాడే మాట

హైదరాబాద్ నుంచి వికారాబాద్ వైపు పోతే మూడు రకాల నేలలు తగులుతాయి. నగరం చుట్టూ ఉన్నది గ్రానైట్, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఎండిన బండ మీద టైరు అతుక్కున్నట్టు పట్టుకుంటుంది. అదే బండ మీద వానాకాలంలో పాకుడు పడితే బ్రేకు వేసినా ఉపయోగం ఉండదు. గ్రానైట్ విరిగి పొడైతే మొరం. గట్టిగా కనిపిస్తుంది, మలుపు తిప్పగానే కాలికింద గోళీలు పోసినట్టు జారుతుంది. పడమటికి పోయేకొద్దీ నల్లరేగడి మొదలవుతుంది. ఫిబ్రవరిలో తారురోడ్డంత గట్టి. ఒక్క వాన పడితే టైరుకి చుట్టుకుని, ఫోర్కులో ఇరుక్కుని చక్రం తిరగనే తిరగదు, సైకిల్ భుజాన వేసుకుని రావాలి. అనంతగిరి కొండల మీద ఎర్రటి లేటరైట్, మధ్యమధ్యలో వేళ్లు, గుల్లరాళ్లు. ఇప్పుడు చెప్పండి, "ఫైవ్ స్టార్" అన్నవాడు ఏ నెలలో అన్నాడు? ఫిబ్రవరిలో అయిదు స్టార్లు ఉన్న దారికి జులైలో ఒక స్టార్ కూడా ఉండకపోవచ్చు.

ముళ్ల సంగతి కూడా అంతే. వానలు తగ్గాక దారి పక్కన పసుపుపచ్చ పూలతో నేలకి అంటుకుని పాకే పల్లేరు తీగ కనిపిస్తుంది. పూలు అందంగానే ఉంటాయి, కాయ ఎండితే మాత్రం ఎటు తిప్పినా ఒక ముల్లు పైకే ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఈ మొక్క పేరుకి అర్థమే "పంక్చర్ తీగ". నవంబర్ నుంచి పల్లేరు ఉన్న దారిలో ట్యూబ్‌లెస్ సీలెంట్ లేకుండా వెళ్లడం అంటే పంపు పట్టుకుని నడవడానికి సిద్ధపడటమే. సర్కారు తుమ్మ కొట్టిన చోట అయితే సీలెంట్ ఉన్నా గ్యారంటీ లేదు. ఏ యాప్‌లోనూ ముళ్లకి గడి లేదు.

అడగడం కూడా ఒక స్కిల్

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. కాకినాడ పక్క నుంచి వచ్చాను. మా తాతయ్య పొలానికి వెళ్లే దారిని పుంత అంటారు. గుంటూరు నుంచి వచ్చిన మా రూమ్మేట్ దాన్నే డొంక అంటాడు. ఇక్కడ బాట, తొవ్వ. నా బుర్రలో మాత్రం వీటన్నిటికీ "ట్రైల్" అని ఒక్కటే మాట ఉండేది. ఒక్క మాటతో అడిగితే ఒక్క రకం జవాబే వస్తుంది. "ఈ దారిలో వెళ్లొచ్చా?" అని అడిగితే ఎవరైనా "పోవచ్చు" అంటారు, వాళ్లు పోతున్నారు కాబట్టి. "ఎంత దూరం?" అంటే "గింతే" అంటారు. ఆ గింత కిలోమీటరూ కావచ్చు, ఆరు కిలోమీటర్లూ కావచ్చు.

అడగాల్సింది వేరే. "ట్రాక్టర్ పోతదా? మోటర్ సైకిల్ పోతదా? మేకలే పోతయా?" ఈ మూడు ప్రశ్నలు ఏ స్కేలుకీ తీసిపోవు. ట్రాక్టర్ పోయేది మొదటిసారి వచ్చినవాడికి. మోటర్ సైకిల్ పోయేది కాస్త అలవాటు ఉన్నవాడికి. మేకలే పోయేదాన్ని ముందు నడిచి చూడాలి. నాలుగో ప్రశ్న, "వాన పడ్డంక పోతదా?" దానికి వచ్చే జవాబులో ఒర్రె, మత్తడి అనే మాటలు వినిపిస్తే చెవులు రిక్కించండి. ఒర్రె అంటే వాన పడ్డప్పుడే పారే చిన్న వాగు. మ్యాప్‌లో అది ఎండిపోయిన ఇసుక చార, కొందరు దాన్ని బాట అనుకుని గీస్తారు కూడా. చెరువు మత్తడి దూకుతోందంటే కట్ట చివర దారి నీళ్లలో ఉన్నట్టే.

నిరుడు డిసెంబర్‌లో ఒక గుట్ట పక్క బాట గురించి మేకలు కాసే పెద్దాయన్ని అడిగాను. "తాతా, ఈ బాట ఎటు పోతది?" ఆయన సైకిల్‌ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి అన్నాడు: "గటు పోకు బిడ్డా. ఆ చెలక పొంటి పందులకు కరెంటు తీగ గుంజిండ్రు. పొద్దుగూకంగ ఏస్తరు, తెల్లారినంక తీస్తరు. ఒక్కోపారి తియ్యరు." అడవిపందులు పంట తినకుండా పొలం చుట్టూ కరెంటు తీగ కట్టడం చట్టవిరుద్ధం. అయినా కడుతున్నారు, మనుషులు చనిపోయిన వార్తలు పేపర్లో వస్తూనే ఉన్నాయి. ఆ బాట యాప్‌లో ఉంది, నాలుగున్నర స్టార్లతో. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరే సన్‌రైజ్ రైడ్ పొలాల పక్క బాటల్లో వద్దని నేను గ్రూపులో పోట్లాడేది ఇందుకే. చుట్టూ గోడ లేని వ్యవసాయ బావులు ఇంకో కారణం. గడ్డి పెరిగితే పగలే కనపడవు.

బాట మొదట్లో ఉండే గుర్తులు కూడా చదవడం రావాలి. ముళ్లకంప అడ్డం వేసి ఉందంటే అది గాలికి పడిన కొమ్మ అనుకోవద్దు. "ఇటు రావద్దు" అని రైతు రాసిన బోర్డు అది. దాన్ని పక్కకి లాగి దూరిపోవడం అడ్వెంచర్ అనిపించుకోదు. పొలం గట్టు మీద టైరు పోతే గట్టు చితుకుతుంది, మడిలో నీళ్లు నిలవవు. అటవీ శాఖ బోర్డు ఉంటే ఆ రేంజ్ ఆఫీసులో అడిగి తీరాలి. అమ్రాబాద్ లాంటి టైగర్ రిజర్వులో అనుమతి లేకుండా అడుగుపెట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. అక్కడ ఎంత మంచి బాట ఉన్నా అది మన లిస్టులోది కాదు.

ఫైల్ పంపితే ఎవరికి నష్టం?

ఇప్పుడు అసలు సంగతి. ఊరు పేరు చెప్పను. ఒక మామిడితోట పక్కనుంచి పోయే బాట. ఎర్రమట్టి, నీడ, చివర చిన్న దిగుడు. నిజంగానే బాగుంటుంది. సెప్టెంబర్‌లో నలుగురైదుగురు వెళ్లారు, ఫైల్ గ్రూపులోకి వచ్చింది. అక్కణ్ణుంచి ఇంకో గ్రూపు, అక్కణ్ణుంచి యాప్. నవంబర్‌లో ఒక ఆదివారం అక్కడ ముప్పైకి పైగా సైకిళ్లు, రెండు కార్లు, ఒక డ్రోన్. సంక్రాంతి సెలవల తర్వాత వెళ్లి చూస్తే బాట మొదట్లో రెండు రాతి కూసాలు, మధ్యలో గొలుసు, దాని ముందు కంప.

మనకేం పోయింది? ఇంకో ట్రైల్ వెతుక్కుంటాం. కానీ ఆ బాట తండా నుంచి బడికి పోయే పిల్లల దగ్గరి దారి. ఇప్పుడు వాళ్లు మెయిన్ రోడ్డు అంచున, లారీల పక్కన నడుస్తున్నారు. తోట ఆయన వాళ్లని ఎప్పుడూ ఆపలేదు, మనల్ని ఆపడానికి అందరినీ ఆపాడు. ఆయన్ని తప్పుపట్టలేను. ఫైల్ ఎవరు పంపారో నాకు అనవసరం, మంచి మనసుతోనే పంపి ఉంటారు. కానీ ఆ ఫైల్‌లో "ఇది తోటవాళ్ల దారి, నలుగురికి మించి వెళ్లొద్దు, పిల్లలు నడుస్తారు, మెల్లగా పోండి" అని మూడు ముక్కలు ఉండి ఉంటే? ఫైల్‌లో ఉన్నవి అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, టైము. మనిషి గురించి ఒక్క ముక్క లేదు.

దీనికి మా సీనియర్ ఒకరు గట్టిగా అడ్డు చెప్పారు. "నీకు దారి తెలిసింది కాబట్టి దాచమంటున్నావు. కారు లేనివాడు, ఇక్కడ చుట్టాలు లేనివాడు, తెలుగు సరిగ్గా రాని నార్త్ అబ్బాయి ఎలా తెలుసుకుంటాడు? ఓపెన్ డేటా అంటూ క్లాసులో మాట్లాడి, బయట ఇలా అంటావేంటి?" ఈ మాటలో న్యాయం ఉంది. దారులు దాచుకోమనడం నా ఉద్దేశం కాదు. దాస్తే అవి నలుగురు పాత సీనియర్ల సొత్తు అవుతాయి, అది ఇంకా చెడ్డ పద్ధతి. నేను అడిగేది మెటాడేటా. డేటాసెట్ ఎక్కడిదో, ఎప్పటిదో, ఎవరి అనుమతితో తీశారో రాయకుండా ప్రాజెక్టు సబ్మిట్ చేస్తే మన మేడమ్ వెనక్కి పంపిస్తారు. దారికి అంతకన్నా తక్కువ రూల్ ఎందుకు?

నా ప్రతిపాదన చిన్నది. మన గ్రూపులో జీపీఎక్స్ ఫైల్ ఒక్కటే పంపడం ఆపేద్దాం. ఒక షీట్ పెడదాం, తెలుగులో. ఎవరి దారి, ఎవర్ని అడిగాం. నేల ఏంటి: బండ, మొరం, ఎర్రమట్టి, నల్లరేగడి. వెళ్లిన తేదీ, ముందు వారంలో వాన పడిందా. ట్రాక్టరా, మోటర్ సైకిలా, మేకలా. పడితే ఏముంది: గడ్డా, ముళ్లకంపా, బావా, క్వారీ అంచా. ఫోన్ సిగ్నల్ ఉందా, అంబులెన్స్ ఎక్కడిదాకా రాగలదు. ఎంతమందికి మించి వెళ్లకూడదు. స్టార్ల గడి అక్కర్లేదు. అడగకుండా తొక్కిన దారి షీట్‌లోకి రాకూడదు. తెలుగు రాని ఫ్రెండ్ ఉంటే పక్కన కూర్చుని చదివి చెప్దాం, తొవ్వ, ఒర్రె, మత్తడి అనే మూడు మాటలు వాడికీ నేర్పిద్దాం. అడవిలో తప్పిపోతే వాడికి అవే పనికొస్తాయి.

ఇంకో రూల్ కూడా. కొత్త దారిని మొదటిసారి దిగే ముందు అదే దారిని ఎక్కండి, సైకిల్ తొక్కుతూనో తోస్తూనో. ఎక్కేటప్పుడు ప్రతి రాయి, ప్రతి ఒర్రె మెల్లగా కళ్లబడతాయి, ఎదురొచ్చే మనిషికి నమస్తే చెప్పే టైము ఉంటుంది. ఇరవై కిలోమీటర్ల స్పీడులో దిగుతూ ఎవరినీ ఏమీ అడగలేం.

షీట్ నేను తయారుచేసి ఉంచాను, మొదటి రెండు వరసలు నింపాను. అందులో ఒకటి మన బ్యాక్ గేట్ వెనక చెరువు కట్ట, ప్రస్తుతం మత్తడి దూకుతోంది కాబట్టి దసరా దాకా వద్దని రాశాను. మూడో వరస ఖాళీగా ఉంది. ఈ ఆదివారం ఎవరైనా కొత్త బాట చూస్తే, ముందు అక్కడి మనిషిని అడిగి, తర్వాత నింపండి.